నల్లరాతిలో పూడిన పగులు: కొవ్వూరు మెట్టలో ఒక బోరు కేసు

2024 డిసెంబరు 4, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. తెలంగాణలోని ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు. రెండు రోజుల తర్వాత కొవ్వూరుకీ దేవరపల్లికీ మధ్య ఉన్న ఒక మెట్ట ఊరి నుంచి నాకు ఫోన్ వచ్చింది. మాట్లాడింది డెబ్భై ఏళ్ల రైతు. పన్నెండేళ్ల క్రితం ఆయన పొలంలో బోరు పాయింటు చూసింది నేనే.

"భూకంపానికి మన బోరులో రాయి పగిలిపోయిందండి. ఎర్రనీళ్లు వస్తన్నాయి."

"ఎన్ని ఇంచులు వస్తున్నాయి బాబాయ్ గారూ?"

"రెండించులు వచ్చేదండి. ఇప్పుడు ఒకటిన్నర కూడా లేదు. పగుల్లోంచి నీళ్లు కిందకి దిగిపోతన్నాయేమో! రాయి మళ్లీ అతుక్కుంటదంటారా, ఇంకో బోరు వేసేసుకోమంటారా?"

భూకంపం తర్వాత బోర్లలో, బావుల్లో నీళ్లు కొన్నాళ్లు మడ్డిగా రావడం తెలిసిన విషయమే. పగుళ్లలో ఇరుక్కున్న బంకమట్టి ఆ కుదుపుకి వదులై నీళ్లలో కలుస్తుంది. అందుకే నేను పెద్దగా ఆలోచించకుండా "పది రోజులు ఆగండి, తేరుకుంటాయి" అన్నాను. అది నా తప్పు. ములుగు భూకంప కేంద్రం ఆ ఊరికి రెండువందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అంత దూరం నుంచి 5.3 తీవ్రత కంపం బోరులో నీటిమట్టాన్ని కొద్దిగా కదిలించవచ్చేమో గానీ, నల్లరాతిని పగలగొట్టే బలం దానికి ఉండదు. పక్క బోర్ల సంగతి ఒక్కసారి అడిగి ఉంటే అప్పుడే అనుమానం వచ్చేది. ఆయన నా మాట నమ్మి మట్టినీళ్లతోనే మోటారు నడిపారు. పదకొండో రోజుకి బుష్‌లు అరిగి మోటారు ఆగిపోయింది. ఈ కేసు రాయడానికి అది కూడా ఒక కారణం.

వెళ్లి చూశాక

ఆ ప్రాంతం డెల్టాకి తలాపున ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా విడిపోయి కోనసీమ వైపు దిగుతుంటే, ఇటు పంగిడి, గౌరీపట్నం వైపు నేల లేచి నల్లరాయి బయటపడుతుంది. అవతలి ఒడ్డున రాజమండ్రి పక్కన కాతేరులో కనిపించేదీ ఇదే రాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం, దక్కన్ లావా పొంగిన కాలంలో పరుచుకున్న పొరలివి. ఒక లావా పొరకీ ఇంకో లావా పొరకీ మధ్య సున్నపురాయి, బంకమట్టి పొర ఉంటుంది. అందులో నత్తగుల్లలు, ఆల్చిప్పలు దొరుకుతాయి. అంటే రెండు లావా ప్రవాహాల మధ్య అక్కడ నీళ్లు నిలిచిన కాలం ఒకటి ఉంది. ఇదే లావా కోనసీమ కిందకి దిగి, రాజోలు దగ్గర వేల మీటర్ల ఒండ్రు, ఇసుకరాయి, షేల్ (గట్టిపడిన బురద రాయి) పొరల అడుగున ఉంటుంది. చమురు బావులు తవ్వినప్పుడు అది తగిలింది. అందుకే కింద ఉన్న ఆ రాతికి రాజోలు పేరే పెట్టారు.

బాబాయ్ గారి బోరు 180 అడుగులు. పైన ఎర్రమట్టి, మెత్తబడిన రాయి ఉన్నంత మేరా, 60 అడుగుల దాకా ఇనప కేసింగ్ దించారు. ఆ తర్వాత నల్లరాయి. 118 అడుగుల దగ్గర డ్రిల్లర్లు గ్యాప్ అంటారే, అది తగిలింది. పై లావా పొర అడుగునా, కింది సున్నపురాయి పైనా ఉన్న పగులు అది. ఆ బోరుకి నీళ్లన్నీ అక్కడి నుంచే.

నేను వెళ్లేసరికి మోటారు పైకి తీసి ఉంది. పైపులు గట్టు మీద పరిచారు. వాటిని చూడగానే కేసు సగం అర్థమైంది. కింది మూడు పైపుల మీద తెల్లటి పెచ్చు, గోరుమందం. నా సంచిలో ఎప్పుడూ ఉండే పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే బుసబుసా పొంగింది. కాల్సైటు. సున్నపురాయిలో ఉండే ఖనిజమే.

రెండో సగం ఆయన కోడలి దగ్గర దొరికింది. పామాయిల్ తోటకి డ్రిప్ వాల్వులు తిప్పేది ఆవిడే. ఒక్కో వాల్వు ఎంతసేపు నడిచిందో నోటుబుక్కులో రాసుకుంటారు. 2021లో రెండు గంటల్లో అయిపోయే తడి 2024 వేసవికి మూడు గంటలు పట్టింది. నీళ్లు మూడేళ్లుగా తగ్గుతూ వస్తున్నాయి. భూకంపం వచ్చాక అందరూ బోరు వైపు చూశారు, అంతే. మూడువందల మీటర్ల లోపు ఉన్న రెండు బోర్లలో ఒక్కరోజు కూడా ఎర్రనీళ్లు రాలేదు.

మర్నాడు కెమెరా దించాం. 40 అడుగుల దగ్గర కేసింగ్ అతుకు తుప్పుపట్టి చిల్లి పడింది. ఆ చిల్లిలోంచి ఎర్రమట్టి సన్నగా జారుతోంది. ఎర్రనీళ్లకి కారణం అదే. తుప్పు ఎప్పటిదో. ఆ రోజు కుదుపుకి చివరి పెచ్చు ఊడిపడి ఉండవచ్చు, ఊడకపోయి ఉండవచ్చు. దాన్ని తేల్చే ఆధారం నా దగ్గర లేదు కాబట్టి రిపోర్టులో రాయలేదు. 118 అడుగుల దగ్గర కెమెరా తిప్పితే పగులు నోరు కనిపించింది. నల్లరాతి మధ్య తెల్లటి పెదాల్లా రెండు వైపులా కాల్సైటు పేరుకుని, మధ్యలో నీళ్లు వచ్చే సందు బాగా సన్నబడింది.

రాయి పగలలేదు. ఉన్న పగులే పూడిపోతోంది.

మూసుకోవడం, పూడటం, అతుక్కోవడం

"భూమి తన పగుళ్లని తనే మాన్పుకుంటుందా?" అని బాబాయ్ గారు స్క్రీన్ చూస్తూ అడిగారు. మాన్పుకుంటుంది. కానీ మానడం అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులున్నాయి. వాటిని కలిపేస్తే కేసులు తప్పుతాయి.

మొదటిది మూసుకోవడం. భూకంపంలో రాయి చీలినప్పుడు ఆ చీలిక చుట్టూ వేలాది చిన్న పగుళ్లు తెరుచుకుంటాయి. పైనున్న రాతి బరువు వెంటనే వాటిని నొక్కడం మొదలుపెడుతుంది. వంద మీటర్ల లోతులో ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు 27 కిలోల బరువుంటుంది. పగులు రెండు ముఖాలూ నున్నగా ఉండవు. ఎత్తుపల్లాల్లో ఎత్తులు మాత్రమే ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఆ ఆనిన చోట్లు నెమ్మదిగా నలిగి వెడల్పవుతాయి. భూభౌతిక శాస్త్రవేత్త జేమ్స్ డీటెరిచ్ 1972లో ప్రయోగశాలలో దీన్ని కొలిచారు. రెండు రాళ్లని ఒకదానిమీద ఒకటి ఎంతసేపు కదలకుండా ఉంచితే వాటి పట్టు అంత పెరుగుతుంది. అయితే పెరిగే తీరు వేరు. మొదటి రోజుకీ పదో రోజుకీ మధ్య ఎంత పెరుగుతుందో, పదో రోజు నుంచి వందో రోజు వరకు అంతే పెరుగుతుంది. మొదట్లో గబగబా, తర్వాత తర్వాత నత్తనడక.

రెండోది పూడటం. దీనికి నీళ్లు కావాలి. నీళ్లు ఒకచోట ఖనిజాన్ని కరిగించుకుని, ఇంకోచోట వదిలితేనే పగులు నిండుతుంది. లోతున, వేడిలో, రాతి రేణువులు గట్టిగా ఒరుసుకునే చోట క్వార్ట్జ్ అనే ఖనిజం కరిగి, పక్కనున్న ఖాళీలో మళ్లీ గడ్డకడుతుంది. దానికి వేడి కావాలి, చాలా కాలం కావాలి. కాల్సైటుకి అంత ఓపిక అక్కర్లేదు. గోలీసోడా కొడితే గ్యాసు ఎలా బుస్సుమంటుందో, ఒత్తిడిలో ఉన్న భూగర్భ జలానికి ఒత్తిడి తగ్గగానే అలాగే కార్బన్ డయాక్సైడు బయటికి పోతుంది. ఆ గ్యాసు పోయిన నీళ్లు సున్నాన్ని పట్టి ఉంచలేవు. ఉన్నచోటే వదిలేస్తాయి. భూకంపానికి పగులు ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు కూడా లోపల ఒత్తిడి పడిపోతుంది కాబట్టి, తెరుచుకోవడమే పూడటానికి దారి చేస్తుంది. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇది.

మూడోది అతుక్కోవడం. పూడిన పగులంతా అతుక్కున్నట్టు కాదు. బంకమట్టితో నిండిన పగుల్లోంచి నీళ్లు పోవు గానీ, తోస్తే అది జారుతుంది. కాల్సైటుతో నిండినది కొంత బలంగా ఉంటుంది. రాతిలోని ఖనిజమే మళ్లీ పెరిగి రెండు ముఖాల్నీ కలిపేస్తే, ఆ పగులు మామూలు కంటికి కనపడదు. 0.03 మిల్లీమీటర్ల మందం పలకగా అరగదీసి సూక్ష్మదర్శినిలో పెడితే వరసగా చిన్న చిన్న నీటి బుడగలు కనిపిస్తాయి. పగులు మూసుకునేటప్పుడు లోపల చిక్కుకున్న నీళ్లు అవి. ఒకప్పుడు అక్కడ గాయం ఉండేదనడానికి మిగిలే గుర్తు అంతే. నేను మొదటిసారి ఆ బుడగల వరస చూసిన రోజున బల్ల దగ్గర నుంచి చాలాసేపు లేవలేకపోయాను.

అతుక్కున్నది మళ్లీ పగలదనీ కాదు. 1980లో జాన్ రామ్‌సే అనే భూవిజ్ఞాని, రాళ్లలో పూడిన పగుళ్లు మిగిల్చే కొన్ని తెల్ల చారల్లో సన్నని పొరలు వందల కొద్దీ ఉండటం చూపించారు. పగలడం, పూడటం, మళ్లీ పగలడం. ప్రతి పొరా ఒక విడత. పూడిన పగులు కింద నుంచి వచ్చే నీళ్లని ఆపేస్తుంది. కింద ఒత్తిడి పెరుగుతుంది. ఒకరోజు అది మళ్లీ తెంచుకుంటుంది. రిచర్డ్ సిబ్సన్ అనే ఇంకో భూవిజ్ఞాని దీన్ని వాల్వుతో పోల్చారు. కోడలు గారికి ఈ ముక్క చెప్పగానే అర్థమైంది. చివరి వాల్వు తెరవకుండా మోటారు వేస్తే డ్రిప్ పైపు ఎక్కడ ఊడుతుందో ఆవిడకి బాగా తెలుసు.

కొలిచి చూసినవాళ్లు

ఇదంతా ఊహ కాదు, పెద్ద భూకంపాల తర్వాత కొలిచారు. 1992 జూన్ 28న కాలిఫోర్నియాలో లాండర్స్ భూకంపం, తీవ్రత 7.3. ఆ చీలిక మీద యోంగ్-గాంగ్ లీ, జాన్ విడాల్ బృందం చిన్న పేలుళ్లు చేసి, ప్రకంపనలు ఎంత వేగంగా వెళ్తున్నాయో చూసింది. పగుళ్లున్న రాతిలో తరంగం నెమ్మదిగా వెళ్తుంది. 1994కీ 1996కీ మధ్య ఆ వేగం సుమారు ఒక శాతం పెరిగింది. అంటే పగుళ్లు మూసుకుంటున్నాయి. 1999 అక్టోబరులో పక్కనే హెక్టర్ మైన్ భూకంపం వచ్చింది. అది వేరే చీలిక. అయినా ఆ కుదుపుకి లాండర్స్ పగుళ్లు కొంత మళ్లీ తెరుచుకుని వేగం పడిపోయింది. మానుతున్న పుండు మీద దెబ్బ తగిలినట్టు.

నా పనికి దగ్గరగా ఉన్నది చైనాలోది. 2008 మే 12న వెంచువాన్ భూకంపం వచ్చాక చీలిక గుండా బోరు వేసి, లోపల నీటిమట్టాన్ని నెలల తరబడి నమోదు చేశారు. చంద్రుడి ఆకర్షణకి సముద్రమే కాదు, నేల కూడా రోజుకి రెండుసార్లు కొద్దిగా ఉబ్బి తగ్గుతుంది. రాయి బిగిసినప్పుడు పగుళ్లలో నీళ్లు పైకి లేస్తాయి, వదిలినప్పుడు దిగుతాయి. పగుళ్లు బాగా తెరుచుకుని ఉంటే బోరులో నీటిమట్టం నేలతో పాటే కదులుతుంది. పూడుతున్న కొద్దీ ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి షుయే లియాన్, ఎమిలీ బ్రాడ్‌స్కీ, మరికొందరు 2013లో లెక్క చెప్పారు. ఏడాదిన్నర కాలంలో ఆ చీలికలో నీళ్లు పారే దారి క్రమంగా తగ్గింది. మధ్యలో ఎక్కడో దూరాన భూకంపాలు వచ్చినప్పుడల్లా మళ్లీ కొంత పెరిగింది.

అంటే దూరపు కుదుపు పగుళ్లని తెరవగలదు. బాబాయ్ గారి అనుమానం అర్థం లేనిదేమీ కాదు. ఈ లోయకి భూకంపం కొత్తా కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. అందుకే ఆయన మాట కొట్టిపారేయకుండా, పక్కన వాడకం లేని ఒక పాత బోరులో నీటిమట్టం రాసే యంత్రాన్ని దించాను. సంక్రాంతికి చుట్టుపక్కల మోటార్లు ఆపుతారు కాబట్టి ఆరు రోజులు చాలనుకున్నాను. చాలలేదు. మన దగ్గర గాలి ఒత్తిడి కూడా రోజుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది, సరిగ్గా 12 గంటలకోసారి. చంద్రుడి పోటు 12 గంటల 25 నిమిషాలకోసారి. ఈ రెండూ విడిగా కనపడాలంటే కనీసం పదిహేను రోజుల రికార్డు ఉండాలి. ముప్ఫై రెండు రోజులు ఉంచాక చంద్రుడి అల స్పష్టంగా తేలింది, అదీ సెంటీమీటరు లోపు. ఆ నెలలో అల ఆలస్యం పెరగలేదు, తగ్గలేదు. భూకంపం తెరిచిన పగుళ్లు మళ్లీ మూసుకుంటూ ఉంటే ఏదో ఒక వాలు కనపడాలి. కనపడలేదు. భూకంపానికి ముందు రికార్డు ఉండి ఉంటే ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణి.

మోటారు తిప్పిన గడియారం

మధ్యలో ఒకరోజు ఆయన్ని గౌరీపట్నం వైపు ఒక క్వారీకి తీసుకెళ్లాను. కోసిన నల్లరాతి గోడ మీద తెల్లటి చారలు తీగల్లా పాకి ఉన్నాయి. చూపించి, "ఇవన్నీ పూడిపోయిన పగుళ్లే" అన్నాను. "అన్ని భూకంపాలు వచ్చాయా!" అని ఆశ్చర్యపోయారు. కాదు. వాటిలో ఎక్కువ భాగం లావా చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పడిన పగుళ్లు. భూకంపం పగలగొట్టిందో లేదో తేలాలంటే రాయి ఒరుసుకున్న గీతలు ఉండాలి, నలిగిన రాతిముక్కలు సిమెంటులో కంకరలా అతుక్కుని ఉండాలి. ఆ గోడ మీద అవి లేవు. పగులు ఎలా పుట్టిందనేది వేరు, ఎలా పూడిందనేది వేరు. పూడే పద్ధతి మాత్రం రెండింటికీ ఒక్కటే.

క్వారీ గోడలోని చార నిండటానికి ఎంతో కాలం పట్టి ఉంటుంది. అదే పని బోరులో పన్నెండేళ్లలోనే ఎలా జరిగింది? దీనికి సమాధానం మోటారు దగ్గర ఉంది. సహజంగా పగుల్లో నీళ్లు రోజుకి కొద్దిగా జరుగుతాయి. బోరులో గంటకి పదివేల లీటర్ల పైనే లాగుతున్నారు. రోజుకి తొమ్మిది గంటల కరెంటు, అంటే సుమారు లక్ష లీటర్లు. లీటరుకి పది మిల్లీగ్రాముల సున్నం వదిలినా రోజుకి ఒక కిలో. అందులో చాలా భాగం నీళ్లతో పైకి పోతుంది. కొంత పైపుల మీద, కొంత పగులు నోటి దగ్గర దిగుతుంది. పైగా ఆయన మూడేళ్ల క్రితం అయిదు హెచ్‌పీ మోటారు తీసి ఏడున్నర పెట్టారు. అప్పటి నుంచి మోటారు నడిచేటప్పుడు నీటిమట్టం 118 అడుగుల కంటే కిందకి పోతోంది. పగులు నోరు గాలికి తేలి, నీళ్లు గోడ మీద పలుచగా కారుతున్నాయి. గోలీసోడా మూత పూర్తిగా తీసేసినట్టే. కోడలి నోటుబుక్కులో తడి టైం పెరగడం మొదలైంది సరిగ్గా అప్పుడే.

రాతికి మానడం, రైతుకి నష్టం. ఈ కేసులో నాకు కష్టంగా అనిపించింది ఆయనకి ఇది చెప్పడమే. "నీళ్లు ఎక్కువొస్తాయని పెద్ద మోటారు పెట్టానండి, అదే తగ్గించేసిందన్నమాట" అని కాసేపు మాట్లాడలేదు.

ముందు పాత కేసింగ్ లోపల పీవీసీ పైపు దించి అడుగున సీలు చేశాం. ఆమ్లం ఇనుముని కూడా తింటుంది కాబట్టి ఈ వరస తప్పకూడదు. తర్వాత సల్ఫామిక్ ఆమ్లం, బ్రష్షు, రెండు రోజులు కంప్రెసర్‌తో ఫ్లషింగ్. కాల్సైటు కరిగేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడు గాలికంటే బరువు, గుంటల్లో నిలుస్తుంది, మనిషికి ఊపిరాడదు. బోరు చుట్టూ తాడు కట్టి పిల్లల్ని, గేదెల్ని రానివ్వలేదు. ఫ్లష్ చేసిన నీళ్లని సున్నం కలిపిన గుంటలోకి వదిలాం. పీహెచ్ కాగితం మామూలు రంగుకి వచ్చేదాకా ఆ నీళ్లు పశువులకి కూడా పెట్టనివ్వలేదు. చివరికి రెండించులకి కొంచెం తక్కువగా, తేటగా వచ్చాయి. మోటారు మళ్లీ అయిదు హెచ్‌పీకి మార్చాం. కొత్త బోరు ఖర్చు తప్పింది.

ఇదంతా విని కోనసీమలో ఉన్న ఆయన బావమరిది నాకు ఫోన్ చేశారు. వాళ్ల చేలో వేసవిలో నేల నెర్రెలు విచ్చి, తొలకరికి మూసుకుంటుంది కదా, అదీ ఇలాంటిదేనా అని. కాదండి. అది బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బడం. అక్కడ అతుక్కునేదేమీ లేదు, మళ్లీ ఎండకి అక్కడే విచ్చుతుంది. డెల్టా ఒండ్రులో రాతి పగుళ్లు చాలా లోతున ఉంటాయి. పెద్ద భూకంపం వస్తే అక్కడ భయపడాల్సింది పగులు గురించి కాదు, నీళ్లున్న ఇసుక కుదుపుకి ద్రవంలా మారి ఇళ్ల పునాదులు దిగబడటం గురించి. అది వేరే కేసు.

తొమ్మిది నెలల తర్వాత మళ్లీ కెమెరా దించాం. 118 అడుగుల దగ్గర పగులు నోరు తెరిచే ఉంది. అంచుల మీద మాత్రం పలుచటి తెల్లని పొర, గాజు మీద ఆవిరి పట్టినట్టు. అయిదు హెచ్‌పీ మోటారుతో కూడా పూడటం ఆగలేదు, నెమ్మదించింది. బహుశా నాలుగైదేళ్లకోసారి కడగాల్సి వస్తుందని చెప్పాను. కోడలు గారు మోటారు షెడ్డు గోడ మీద సుద్దతో గళ్లు గీశారు. ప్రతి నెలా ఒకటో తారీఖున, మోటారు వేయకముందు ఒకసారి, వేసిన రెండు గంటలకి ఒకసారి నీటిమట్టం రాస్తున్నారు. మొన్న వెళ్లినప్పుడు చివరి గడిలో రెండో అంకె 104 అడుగులు. పగులు ఇంకా నీళ్లలోనే ఉంది.